చదువు అంటకుండా గంటలు నింపుకోవడం ఎలా?

ఆస్తులకు విలువ కట్టే వాల్యుయర్ గారికి నమస్కారాలు.

సభ్యత్వం కొనసాగాలంటే నిరంతర విద్య గంటలు పూర్తి చేసి సర్టిఫికెట్లు పంపమని మీ సంస్థ నుంచి మెయిలు వచ్చిందనీ, అప్పట్నుంచి మీకు అన్నం సయించడం లేదనీ తెలిసింది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వచ్చేవాళ్లంతా పూతరేకుల కోసం వస్తే, మీరొక్కరే చంకలో ఫైలు, చేతిలో టేపు పెట్టుకుని ఎవరిదో దొడ్డి కొలవడానికి వస్తారు. అంత కష్టపడే మనిషిని మళ్లీ పాఠాలు వినమనడం దారుణం. గంటలు నిండాలి, చదువు మాత్రం ఒంటికి అంటకూడదు. ఆ సదుద్దేశంతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఒకప్పుడు ఈ వృత్తి హాయిగా ఉండేది. సంపద పన్ను చట్టంలోని 34ఏబీ సెక్షను కింద పేరు నమోదైతే గోడకి బోర్డు, జేబులో ముద్ర, జీవితం గడిచిపోయేది. ఆ సంపద పన్నునే 2015 బడ్జెట్టులో ఎత్తేశారు. ఆ తర్వాత కంపెనీల చట్టం 247వ సెక్షను కింద 2017 అక్టోబరు 18న రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనలు వచ్చిపడ్డాయి. పెత్తనం దివాలా బోర్డు ఐబీబీఐది. భూమి, భవనాల విభాగంలో చేరాలంటే డిగ్రీ ఉండాలి, అనుభవం ఉండాలి, 50 గంటల కోర్సు వినాలి, రెండు గంటల కంప్యూటరు పరీక్షలో నూటికి 60 తెచ్చుకోవాలి, తప్పు నొక్కితే ఆ ప్రశ్నకున్న మార్కుల్లో పావు వంతు కోత. ఇంత చేసి గట్టెక్కాక ఇంకా చదువేమిటని మీరు అనుకోవడం న్యాయమే. కానీ ఆ నిబంధనల చివర అతికించిన ప్రవర్తనా నియమావళిలో, వాల్యుయరు తన పరిజ్ఞానాన్ని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుకోవాలని ఒక వాక్యం ఉంది. మీ ఆదివారాలు తినేస్తున్నది ఆ వాక్యమే.

ఆన్‌లైన్ క్లాసు పదింటికంటే ఐదు నిమిషాలు ముందే లాగిన్ అవండి. చాట్‌లో 'గుడ్ మార్నింగ్ సర్, ఆత్రేయపురం నుంచి' అని పెట్టండి. మిమ్మల్ని మించిన శ్రద్ధావంతుడు లేడని అక్కడే రూఢి అవుతుంది. తర్వాత కెమెరా ఆపి, మైకు ఆపి, ఫోను జేబులో వేసుకుని ఇన్‌స్పెక్షన్లకి బయల్దేరండి. మైకు విషయం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒకాయన చూసుకోలేదు. 'ఎనభై కుదరదండి, డెబ్బై రెండు రాస్తాను' అని పార్టీతో బేరమాడుతుంటే క్లాసంతా విన్నది. అప్పుడు జరుగుతున్న పాఠం 'వాల్యుయరు స్వతంత్రత'. పోనీ, ఉదాహరణతో సహా అర్థమైంది కదా అని పాఠం చెప్పేవారు సరిపెట్టుకున్నారు.

ఏ క్లాసు ఎంచుకోవాలన్నది అసలు కిటుకు. 'నదీ తీర భూముల మదింపు' ఒకటి, 'విమానాశ్రయాల మదింపు' ఒకటి ఉంటే కళ్లు మూసుకుని విమానాశ్రయానికే డబ్బు కట్టండి. ఆత్రేయపురంలో విమానం దిగదు. అక్కడ విన్నది మీ పనికి ఏ రోజూ అడ్డు రాదు.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది చెప్తాడు, అక్కడి అప్రైజర్లకీ ఈ బాధ తప్పలేదని. యూఎస్‌పాప్ అనే వృత్తి ప్రమాణాల మీద రెండేళ్లకోసారి 7 గంటల పాఠం, అదీ ఇదీ కలిపి ఏడాదికి 14 గంటల లెక్క. 1980లలో అక్కడి పొదుపు సంస్థలు వందల కొద్దీ కూలిపోయాక, తనఖా పెట్టిన ఆస్తులకి ఉబ్బించి రాసిన విలువలూ ఓ కారణమని తేలి, 1989లో చట్టం చేసి లైసెన్సులు పెట్టారు. అది వాళ్ల ఖర్మ. మన దగ్గర విలువలు ఉబ్బించి రాసేవాళ్లే లేరు కనుక మనకి ఆ చరిత్రతో పని లేదు.

ఇక పని దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముఖ్యమైన సలహా: ఏటిగట్టు దిగకండి.

గట్టుకి ఇవతల ఊరు, అవతల లంక. గట్టు మీద బండి ఆపి, వేలు చూపిస్తూ ఫోటో తీయించుకుంటే భూమీ పడుతుంది, గోదావరీ పడుతుంది, మీరూ పడతారు. ఫోటో కింద అక్షాంశం, రేఖాంశం, టైము కూడా అచ్చవుతాయి. బ్యాంకుకి అంతకన్నా ఏం కావాలి? దిగారో, రైతు ఎదురొస్తాడు. మీరు దస్తావేజు విప్పి, 'మూడెకరాల ఇరవై సెంట్లు కదండీ, తూర్పు హద్దు ఎక్కడ?' అంటారు. ఆయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్లకేసి చూస్తాడు.

'అదిగోనండి, ఆ నీళ్లలో కొబ్బరి మోడు కనబడతందా? దానికవతల ఇంకో ముప్పై గజాలు మాదేనండి, ఆయ్.'

'మరి ఇప్పుడో?'

'ఇప్పుడు గోదారమ్మదండి.'

ఈ మాటలు చెవిన పడ్డాయంటే మీ రోజు పాడైనట్టే. దస్తావేజులో 'తూర్పు: గోదావరి' అని రాసిననాడు నది ఎక్కడుందో, ఇవాళ ఎక్కడుందో చూడాలి. కోత పోగా మిగిలినదెంత, అందులో సాగయ్యేదెంత, ఇసుక మేట వేసినదెంత అని కొలవాలి. పట్టా భూమా, ప్రభుత్వ లంక భూమా, కౌలుకి చేస్తున్నదా అని తేల్చాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఈ చేలోకి నీళ్లొస్తాయో అడిగితే రైతు తడుముకోకుండా చెప్తాడు. ఆ ఒక్క ముక్క రిపోర్టులో రాస్తే, అమరావతిలో కూర్చుని చదివేవాడికైనా భూమి ఎలాంటిదో తెలిసిపోతుంది. అందుకే రాయకూడదు. పెద్దవాళ్లు ఎవరైనా 86 వరద నీరు గోడకి ఎంతెత్తు వచ్చిందో, 2022 జూలైలో ఎంత వచ్చిందో చెయ్యెత్తి చూపించబోతే వాచీ చూసుకుని బయటపడండి. మీ రిపోర్టు నమూనాలో 'వరద ముంపు: లేదు' అని ముందే టైపు కొట్టి ఉంది. దాన్ని మార్చడం టైపిస్టుకి అదనపు శ్రమ.

వాడపల్లిలో స్థలం చూడాలంటే మాత్రం శనివారమే వెళ్లండి. ఏడు శనివారాల మొక్కున్న జనంతో వెంకన్న గుడి చుట్టూ ఇసకేస్తే రాలదు. కొబ్బరికాయల కొట్లు, ఆటోలు, సెల్ ఫోన్లు దాచే బల్లలు చూసి మీ కలం దానంతటదే గజం రేటు రాసేస్తుంది. ఖర్మకాలి మంగళవారం వెళ్తే, గుడికి నాలుగు వీధుల అవతల ఆ స్థలం ముందు గేదె పడుకుని కనిపిస్తుంది. రేటు రాయబుద్ధి కాదు.

రీసర్వే గురించి ఎవరైనా క్లాసు పెడితే ఆ రోజు జ్వరం తెచ్చుకోండి. 2020 డిసెంబరులో మొదలైన ఈ రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ల్యాండ్ టైటిలింగ్ చట్టం 2022 నాటిది, 2024లో రద్దయింది. రెండూ మీకు తెలియకుండానే జరిగిపోయాయి కనుక, చట్టంతో పాటు ఆ నంబర్లు కూడా పోయాయని మీరు ధైర్యంగా నమ్మవచ్చు. పోలేదు. చట్టం వేరు, రీసర్వే వేరు. రికార్డుల్లో నంబర్లు అలాగే ఉన్నాయి. అయినా పార్టీ తెచ్చిన పాత దస్తావేజులో సర్వే నంబరు చూసి అదే దించేయండి. ఆ నంబరు నాలుగు ముక్కలై, అందులో ఒక ముక్క మాత్రమే ఈయనదైతే, మిగతా మూడు ముక్కల అన్నదమ్ములకి తమ కొబ్బరి చెట్లు బ్యాంకు తనఖాలో ఉన్నాయన్న సంగతి ఎప్పుడో ఒకప్పుడు నోటీసు ద్వారా తెలుస్తుంది. 1బీ, అడంగల్, ఈసీ, 22-ఏ నిషేధిత జాబితా అంటూ నాలుగు చోట్ల వెతకడం కుర్రాళ్ల పని. మీరు సీనియరు. నమూనాలో 'తూర్పు గోదావరి జిల్లా' అన్న ముక్కని కూడా ముట్టుకోకండి. కోనసీమ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4ననే కదా, ఇంకా పసిబిడ్డ.

కొలతల్లో మంచి అవకాశాలున్నాయి. ముసలాయన కుంచాల్లో చెప్తాడు, దస్తావేజు సెంట్లలో ఉంటుంది, మధ్యవర్తి గజాల్లో మాట్లాడతాడు, బ్యాంకు ఫారం చదరపు మీటర్లడుగుతుంది. సెంటుకి 48.4 గజాలు, ఎకరానికి 4,840. ఈ గందరగోళంలో అందరూ అలిసిపోయిన సమయం చూసి మీరు ఒక చిన్న గుణకారం చేయాలి. రోడ్డు పక్కన ఐదు సెంట్ల ఇంటి స్థలం ఏ రేటుకి పోయిందో కనుక్కోండి. ఆ గజం రేటు తెచ్చి, వెనకాల దారి కూడా లేని రెండెకరాల తోటకి 9,680 గజాల లెక్కన వేయండి. చిన్న ముక్కకి పలికే ధర పెద్ద విస్తీర్ణానికి పలకదని, దారికీ లేఔటుకీ పోయే భూమి తీసెయ్యాలని, అమ్ముడుపోవడానికి పట్టే కాలానికి ధర తగ్గించాలని పాఠాల్లో చెప్తారు. అందుకే పాఠాలు వినొద్దన్నది.

పోల్చడానికి అమ్మకాలు కావాలంటే? రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే ప్రభుత్వ విలువ చెప్తారు. అది 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో మారింది. మీ దగ్గరున్న చీటీ అంతకుముందుదైనా పరవాలేదు, లామినేషన్ చేయించారు కదా. దస్తావేజులో చూపించిన ధర ఒకటి, చేతులు మారినది ఇంకొకటి. ఆ తేడా ఎంతో పది మందిని అడిగి, ఏ అమ్మకం అన్నదమ్ముల మధ్యది, ఏది అప్పు కింద రాసిచ్చినది, ఏది సంక్రాంతికి వచ్చిన అబ్బాయి వారం రోజుల్లో తిరిగి విమానం ఎక్కాలన్న తొందరలో కొన్నది అని విడగొట్టడానికి నెల పడుతుంది. దానికన్నా టీ కొట్టు దగ్గర ఒక్కర్ని, 'ఇక్కడ సెంటు ఎంతుందండీ?' అని అడగండి. ఆయన తన స్థలం అమ్మకానికి పెట్టినవాడైతే ఒక రేటు, కొనడానికి తిరుగుతున్నవాడైతే ఒక రేటు చెప్తాడు. మీకు నచ్చినవాణ్ణి అడిగే స్వేచ్ఛ మీకుంది. రిపోర్టులో దీన్ని 'స్థానిక విచారణ' అని రాయండి.

కొబ్బరి తోటకి విలువ రెండుసార్లు కట్టవచ్చు. అమ్మకాల్లో పలికిన ఎకరం రేటు ఎలాగూ చెట్లతో కలిపే ఉంటుంది. ఆ రేటు వేశాక, విడిగా చెట్లు లెక్కబెట్టి చెట్టుకింత అని కలపండి. మధ్యలో కోకో ఉంటే అదీ కలపండి. దింపుకి ఎన్ని కాయలొస్తున్నాయి, తెల్లదోమ పట్టిందా, అంబాజీపేట మార్కెట్లో ధర ఎలా ఊగింది అని ఆదాయం లెక్కలు వేయడం మొదలుపెడితే అంకె దిగిపోతుంది. ఏ తోట యజమానీ అంకె దిగే మనిషికి కొబ్బరి బొండం కొట్టించడు.

ఇప్పుడు ఆత్రేయపురం వాల్యుయరుకి దేశంలో ఇంకెవరికీ లేని భాగ్యం గురించి చెప్పాలి. పూతరేకులు చేసే ఇల్లు.

మీరు వెళ్లేసరికి పెరట్లో రేకుల షెడ్డు కింద బోర్లించిన కుండలు, పక్కన చిల్లులోంచి ఎగదోసిన ఎండు కొబ్బరాకు మంట. పలచగా రుబ్బిన జయ బియ్యం పిండిలో తెల్లటి గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని, ఆవిడ కుండ మీద ఇలా లాగి అలా తీస్తుంది. కనురెప్ప వేసేలోగా పొర ఆరి, అంచు లేచి నిలబడుతుంది. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి మళ్లీ గుడ్డ ముంచుతుంది. మీ ముక్కులో పొగ, నోట్లో నెయ్యీ పంచదారా దట్టించిన పూతరేకు. షెడ్డు దూలాలకి మసి పట్టి నల్లగా మెరుస్తుంటుంది. వంటింటి వైపు గోడ వేడికి చిట్లి, ఇటుక కనబడుతుంటుంది. ఇంటాయన పక్కన నిలబడి, 'మనకి జీఐ ట్యాగు వచ్చిందండి' అంటాడు.

నిజమే, 2023లో వచ్చింది. ఆ మాట చెవిన పడగానే మీరు చేయవలసింది, ఇంటి విలువలో 'భౌగోళిక గుర్తింపు' కింద ఒక వరస పెట్టి కొన్ని లక్షలు కలపడం. కుండకింత అని వేసినా బాగుంటుంది. అలాంటి గుర్తింపు తయారీదారుల సంఘం పేరున నమోదవుతుందని, ఆ ప్రాంతపు తయారీదారులెవరైనా పద్ధతి ప్రకారం వాడుకునే హక్కు తప్ప ఫలానా ఇంటి గోడకి అంటుకుని ఉండదని, ఆ ఇల్లు రేపు సిమెంటు వ్యాపారి కొంటే పూతరేకుల పేరు అతనికి రాదని ఎవరైనా చాదస్తుడు చెప్పవచ్చు. ఆవిడ చేతి పనితనం ఆవిడతో పాటే పోతుంది, తనఖా దస్తావేజులో దానికి హద్దులు రాయలేం. భూమి, భవనాల వాల్యుయరు కొలిచేది స్థలం, కట్టడం, వాటి వయసు, అరుగుదల. మసి పట్టిన దూలానికీ చిట్లిన గోడకీ తరుగు వేయాలి. వ్యాపారానికీ పేరుకీ విలువ కట్టాలంటే అది వేరే విభాగం, దానికి వేరే పరీక్ష. ఇవన్నీ ఆలోచిస్తే రెండో పూతరేకు తినలేరు. తినండి. తిని, తరుగు వరసలో సున్నా వేయండి.

పన్నుల పాఠానికి కూడా దూరంగా ఉండమని నా మనవి, ఎందుకంటే అక్కడే మీ పాత రిపోర్టులన్నీ బయటపడతాయి. ఊళ్లో తండ్రి ఎప్పుడో కొన్న ఇంటి స్థలాన్ని కూతురు ఇప్పుడు అమ్ముతోందనుకుందాం. 2001 ఏప్రిల్ 1 నాటికి దాని విలువెంతో కావాలని ఆడిటరు మీ దగ్గరికి పంపిస్తాడు. ఆ విలువ ఎంత ఎక్కువ ఉంటే లాభం అంత తక్కువ, పన్ను అంత తక్కువ. మీరు ఎప్పట్నుంచో చేస్తున్నట్టే ఉదారంగా రాసెయ్యండి. 2020 బడ్జెట్టులో దానికి ఒక మూత పెట్టారు: 2001 నాటి స్టాంపు డ్యూటీ విలువ ఉంటే, మీ అంకె దాన్ని దాటడానికి వీల్లేదు. ఆ సంగతి మీకు తెలియనంత కాలం మీ మనసు నిర్మలంగా ఉంటుంది.

2024 జూలై 23 తర్వాత కథ ఇంకా మారింది. దీర్ఘకాలిక లాభం మీద ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా 12.5 శాతం పన్ను. అంతకుముందు సంపాదించిన స్థలం, ఇల్లు అయితే, దేశంలో ఉండే వ్యక్తులకి పాత పద్ధతిలో సర్దుబాటుతో 20 శాతం లెక్క వేసి ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఇచ్చారు. కూతురు రావులపాలెంలో ఉంటే ఆ వెసులుబాటు ఉంది. డల్లాస్‌లో స్థిరపడిపోతే లేదు. కోనసీమలో ఇంటికొకరు బయట దేశాల్లో ఉన్నారు కనుక ఇది అందరికీ తగిలే ముక్క. అందుకని అడిగినవాళ్లకి, 'అదంతా ఆడిటర్ గారు చూసుకుంటారండి' అనేయండి. ఆడిటర్ గారు, 'వాల్యుయర్ గారు రాశారు కదా' అంటారు. ఇద్దరూ మర్యాదస్తులే.

అన్నట్టు, పట్టణానికి చట్టం చెప్పిన దూరం దాటి ఉన్న పల్లెటూరి వ్యవసాయ భూమి మీద ఈ పన్నే లేదు. ఆ కొబ్బరి చేనుకి కూడా 2001 విలువ రిపోర్టు రాసి ఫీజు పుచ్చుకోవచ్చు. ఎవరూ వద్దనరు.

బ్యాంకు విషయానికొస్తే, అక్కడ పాటించవలసిన మర్యాద ఒకటుంది. స్థలం చూడకముందే అడగండి, 'ఎంత కావాలండీ?' అని. ఫోను అవతల నుంచి, 'పార్టీ మంచోడండి. అరవై అప్పు అడుగుతున్నాడు. మీరు తొంభై చూపిస్తే సరిపోద్దండి' అని వస్తుంది. ఇక లెక్క కిందినుంచి పైకి వేసుకోవడమే. స్థలం రేటు సరిపోకపోతే భవనం రేటు పెంచండి, అదీ చాలకపోతే ప్రహరీ, బోరు, అలమారలు. బ్యాంకు ఫారంలో మార్కెట్ ధర, రాబట్టగల ధర, తొందరలో అమ్మితే వచ్చే ధర అని మూడు గళ్లుంటాయి. మొదటి దాంట్లోంచి పది శాతం కోస్తే రెండోది, ఇరవై కోస్తే మూడోది. గట్టు కింద లంకకీ మెయిన్ రోడ్డు కొట్టుకీ అదే కోత. ఈ స్థలానికి కొనేవాడు ఊళ్లో ఎందరున్నారని ఆలోచించి కోయడం పుస్తకాల్లో ఉంది. 2011లో బ్యాంకుల సంఘం, నేషనల్ హౌసింగ్ బ్యాంకు కలిసి ఆస్తుల మదింపు మీద ఒక చేతిపుస్తకమే తెచ్చాయి. కంప్యూటరు కింద ఎత్తు కోసం పెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇలా అడిగినంత రాసివ్వడాన్ని ప్రవర్తనా నియమావళి సౌకర్యం కోసం కట్టే విలువ అంటుంది, చేయకూడదంటుంది. పని సాధించిపెట్టినందుకు వాటా పుచ్చుకోకూడదని కూడా అంటుంది. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాసుకోమంటుంది. ఈ నియమావళి మీద పెట్టే క్లాసు చివర్లో ప్రశ్నలుంటాయి. 'ఖాతాదారు కోరిన విలువ ఇవ్వవచ్చునా?' అనేదానికి 'కాదు' నొక్కాలి. నొక్కండి. సర్టిఫికెట్టు వస్తుంది. అది ప్రింటు తీసి, తొంభై లక్షల రిపోర్టు పక్కన పెట్టి, రెండూ ఒకే కవర్లో బ్యాంకుకి పంపండి.

భూమి ఏ రకమో రాసే గడి కూడా జాగ్రత్తగా తప్పు రాయాలి. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. బాకీ పడితే కోర్టుకి పోకుండా వేలం వేసే దారి బ్యాంకుకి ఉండదు. కాబట్టి, 'కొంచెం ఇంటి స్థలంలా చూపించండి' అని వాళ్లు అడగవచ్చు. అరటి గెలలు ఫోటోలో పడకుండా నిలబడండి. పడినా, పెరటి తోట అని రాయండి. రేపు వేలం నోటీసు మీద రైతు కేసు వేసి, 'ఇది అరటి చేనండీ' అని అడంగల్ చూపిస్తే, అది బ్యాంకు వకీలు తలనొప్పి. నిజంగా ఇంటి స్థలమే అయి వేలానికి వస్తే, కనీస ధర కట్టడానికి బ్యాంకు ఇంకో వాల్యుయర్ని పంపుతుంది. ఆయన నలభై రెండు అంటాడు. మీ తొంభైకీ ఆయన నలభై రెండుకీ మధ్య ఉన్న డబ్బు ఎటు పోయిందని మీటింగు పెడతారు. అప్పుడు కరోనా, మాంద్యం, వరదలు అనండి. వరద ముంపు లేదని మీరే రాశారని ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నవాడు ఒకడు ఉంటే మాత్రం మీ పేరు బ్యాంకు ప్యానెల్లోంచి పోతుంది, అంతకుమించి పోతే ఐబీబీఐ నోటీసు వస్తుంది. అది వచ్చినప్పుడు చూసుకుందాం.

రిపోర్టు రాతలో పెద్దగా శ్రమ పడకండి. నియామకం తేదీ, విలువ ఏనాటిది, రిపోర్టు తేదీ అని నిబంధనలు మూడు తేదీలు అడుగుతాయి. మూడింటికీ ఒకటే వేస్తే అందంగా ఉంటుంది. ఎవరెవరు చూశారు, సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ పద్ధతి వాడారు, ఆస్తిలో మీకేమైనా ఆసక్తి ఉందా అని కూడా అడుగుతాయి. పార్టీ మీ తోడల్లుడైతే 'ఆసక్తి లేదు' అనే రాయండి, నిజంగానే ఆయనంటే మీకు ఆసక్తి లేదు కదా. చివర పరిమితులు, మినహాయింపులు మాత్రం నాలుగు పేజీలు ఉండాలి. ఎక్కణ్ణుంచి దించారో కనబడకుండా ఊరి పేరు మార్చుకోండి. ఆత్రేయపురం పెంకుటింటి రిపోర్టులో 'లిఫ్టులను పరీక్షించలేదు' అని ఒకసారి వచ్చింది. అది మాత్రం అక్షరాలా నిజమే.

చివరగా ఒక్క మాట. చేసిన ప్రతి మదింపుకి సంబంధించిన రికార్డులు కనీసం మూడేళ్లు భద్రపరచాలని నిబంధన. క్షేత్రంలో రాసుకున్న కొలతలు, అడిగిన అమ్మకాల వివరాలు, వేసిన లెక్కలు, అన్నీ. పై సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటించినవారి దగ్గర దాచడానికి అలాంటివేమీ ఉండవు కనుక, బీరువా కొనే ఖర్చు పెట్టుకోకండి.